చిన్న ఊళ్ళో నెలనెలా సాహిత్య సభ ఎలా నడపాలి

మా ఊరు మండల కేంద్రం. ఒక బస్టాండు, రెండు జూనియర్ కాలేజీలు, ఒక శాఖా గ్రంథాలయం, నాలుగు కల్యాణ మండపాలు. పన్నెండేళ్ళ కిందట ఇక్కడ ఒక పుస్తకావిష్కరణకు వెళ్ళాను. వేదిక మీద పద్నాలుగు కుర్చీలు, కింద పదకొండు మందిమి. జ్యోతి వెలిగించడం, ప్రార్థనా గీతం, ఒక్కొక్కరినీ పేరుపేరునా వేదిక మీదకు పిలవడం, శాలువాలు... ఇవన్నీ అయ్యేసరికి గంటంపావు గడిచింది. మాట్లాడినవాళ్ళలో ఇద్దరు తప్ప ఎవరూ ఆ పుస్తకం తెరవలేదని వాళ్ళ మాటల్లోనే తెలిసిపోయింది. కవిగారి వంతు చివర్లో వచ్చింది. సమయాభావం వల్ల రెండు నిమిషాల్లో ముగించమన్నారు. ఆయన రిటైరైన టీచరు. పాతికేళ్ళుగా రాసుకున్న కవితల్లో ఒక్కటీ చదవకుండానే నమస్కారం పెట్టి కూర్చున్నారు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఆ తర్వాతి నెలే మేం నలుగురం కలిసి ఒక చిన్న సభ మొదలుపెట్టాం. ఇప్పటికీ నడుస్తోంది. మీ ఊళ్ళో కూడా మొదలుపెట్టాలని ఉంటే మేం నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ఒక్క లెక్క మాత్రం మొదటి నుంచీ పట్టుకోండి: సభలో సగానికి పైగా సమయం రచనకే దక్కాలి. చదవడానికి, వినడానికి, దాని గురించి మాట్లాడుకోవడానికి. చోటు, వేళ, పిలుపులు, ఖర్చు అన్నీ ఈ లెక్కకు లోబడే ఉండాలి.

ముందు నలుగురిని చూసుకోండి

సంఘం, పేరు, లోగో, అధ్యక్ష కార్యదర్శులు ఇప్పుడే వద్దు. పేరు దగ్గరే గొడవలొచ్చి, పని మొదలుకాక ముందే ఆగిపోయిన సంఘాలు నాకు తెలుసు. పుస్తకం చదివే నలుగురు చాలు. ఆ నలుగురూ ఒకే రకం మనుషులు కాకుండా చూసుకోండి. నలుగురూ తెలుగు టీచర్లే అయితే సభ స్టాఫ్‌రూమ్‌లా తయారవుతుంది. మా నలుగురిలో ఒకరు లైబ్రేరియన్, ఒకరు ఎరువుల కొట్టు నడుపుతారు, ఒకావిడ అంగన్‌వాడీ టీచరు, నాలుగో మనిషిని నేను. ఎరువుల కొట్టాయన వల్ల మాకు రైతులు వచ్చారు. అంగన్‌వాడీ ఆవిడ వల్ల ఆడవాళ్ళు వచ్చారు. ఆమె లేకపోతే మా సభలో ఈనాటికీ మగవాళ్ళే ఉండేవాళ్ళు.

పనులు పంచుకోండి. ఒకరు చోటూ కుర్చీలూ, ఒకరు ఆ నెల చదివే కథ, ఒకరు ఫోన్లు, ఒకరు డబ్బులు. ఈ పనులు ఆరు నెలలకోసారి మార్చుకోండి. ఒక్కరి మీదే అంతా పడితే, ఆ ఒక్కరింట్లో పెళ్ళో ఆపరేషనో వచ్చిన నెల సభ ఆగిపోతుంది.

చోటు

మీ ఊళ్ళో శాఖా గ్రంథాలయం ఉంటే ముందు అక్కడికే వెళ్ళండి. అది మనదే. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వెళ్తుంది. రసీదు తీసి చూడండి, అక్కడే ఉంటుంది. అసలు మన గ్రంథాలయాలు పుట్టిందే జనం చేతుల్లో. 1914లో అయ్యంకి వెంకట రమణయ్యగారు తదితరులు బెజవాడలో సభ పెట్టి ఆంధ్రదేశ గ్రంథాలయాలన్నిటికీ ఒక సంఘం ఏర్పాటు చేశారు. పాతూరి నాగభూషణంగారు 1935లో పడవలో పుస్తకాలు పెట్టి కాలువ పొడుగునా ఊళ్ళకు పంపించారు. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో ఊరివాళ్ళు కలిసి పెట్టుకున్నదే. హనుమకొండలో, హైదరాబాద్‌లో నిజాం కాలంలోనే తెలుగు కోసం భాషా నిలయాలనే గ్రంథాలయాలు వెలిశాయి. ఆ రోజుల్లో పుస్తకం చదవడం, నలుగురికి వినిపించడం, ఉపన్యాసం, నాటకం అన్నీ ఒకే కప్పు కింద జరిగేవి. లైబ్రరీలో సభ పెట్టుకుంటామని అడగడానికి మొహమాటం ఎందుకు?

అడిగేటప్పుడు నోటి మాటతో సరిపెట్టకండి. తెల్లకాగితం మీద నెలలో ఏ రోజు, ఎంతసేపు, ఎంతమంది అన్నది రాసి లైబ్రేరియన్‌కి ఇవ్వండి. పైనుంచి ఎవరైనా అడిగితే వాళ్ళ దగ్గర ఒక కాగితం ఉంటుంది. లైబ్రరీ వారపు సెలవు ఏ రోజో, సాయంత్రం ఎన్నింటికి మూస్తారో కనుక్కోండి. సభ అయ్యాక కుర్చీలు మీరే సర్దండి, కప్పులు మీరే ఏరండి. తాళం వేసే మనిషిని రాత్రి ఎనిమిది దాకా కూర్చోబెట్టకండి. మా సభ ఇన్నేళ్ళు అక్కడే నడవడానికి ఈ మూడు పనులే ముఖ్య కారణం.

లైబ్రరీ కుదరకపోతే బడిలో ఒక గది, గుడి మండపం, ఎవరి డాబా మీదైనా సరే. కల్యాణ మండపం మాత్రం వద్దు. నాలుగొందల మంది పట్టే హాల్లో పాతిక మంది కూర్చుంటే వచ్చినవాళ్ళకే దిగులేస్తుంది. అదే పాతిక మందీ చిన్న గదిలో జంపఖానా పరుచుకుని కూర్చుంటే నిండుగా ఉంటుంది, మైకు ఖర్చూ ఉండదు. కుర్చీలు గుండ్రంగా వేయండి. వేదిక అనేదే లేకపోతే దాని మీద ఎవర్ని కూర్చోబెట్టాలన్న తలనొప్పి సగం తగ్గుతుంది.

రోజు, వేళ

ఒక్క తేదీ పెట్టుకోండి, మార్చకండి. మాది రెండో ఆదివారం సాయంత్రం 5 గంటలు. మొదటి ఏడాది అతిథుల వీలు చూసి మూడుసార్లు మార్చాం. మూడుసార్లూ పాత తేదీకే వచ్చి తాళం చూసి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు మళ్ళీ రాలేదు. అప్పటినుంచి అతిథి కోసం తేదీ మార్చడం మానేశాం.

ఏడాది క్యాలెండర్ ముందేసుకుని కూర్చోండి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం పెళ్ళిళ్ళ నెలలు. పెద్ద ముహూర్తం పడిన ఆదివారం సభకు పదిమంది వస్తే గొప్ప. ఆ నెల చిన్నగా పెట్టుకోండి. ఆషాఢంలో, మౌఢ్యం రోజుల్లో ముహూర్తాలుండవు కాబట్టి జనానికి తీరిక, మైక్‌సెట్టూ షామియానా కూడా తక్కువకు దొరుకుతాయి. ఏదైనా పెద్ద కార్యక్రమం ఉంటే అప్పుడు చేయండి. మార్చిలో పిల్లలకు పరీక్షలు, ఇళ్ళల్లో అదే టెన్షన్. మీ ప్రాంతంలో నాట్లు, కోతలు ఎప్పుడో మీకే బాగా తెలుసు.

జయంతులు కూడా గుర్తు పెట్టుకోండి. ఏప్రిల్ 16 కందుకూరి జయంతి, తెలుగు నాటక రంగ దినోత్సవం. ఆగస్టు 29 గిడుగు జయంతి, తెలుగు భాషా దినోత్సవం. సెప్టెంబర్ 9 కాళోజీ జయంతి, తెలంగాణలో భాషా దినోత్సవం. సెప్టెంబర్ 21 గురజాడ, 28 జాషువా. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. అయితే జయంతి రోజు దండ వేసి, ఆయన గొప్పవాడని గంటసేపు చెప్పుకుంటే ఏమీ మిగలదు. ఆయన రాసింది ఏదో ఒకటి పది నిమిషాలు పైకి చదవండి.

5 గంటలంటే 5 గంటలకే మొదలుపెట్టండి. ఎదురుగా ఆరుగురే ఉన్నా సరే. ఊరి పెద్ద ఎవరో వస్తామన్నారని ఆగితే, వేళకు వచ్చినవాళ్ళను చిన్నబుచ్చినట్టే. పెద్దాయన మధ్యలో వస్తే చదువుతున్నది ఆపకండి, కుర్చీ చూపించండి. మొదట్లో నొచ్చుకుంటారు. రెండోసారి వేళకే వస్తారు.

కథ ఎంచడం, చదవడం

మా సభ గంటన్నర. మొదటి అరగంట ఒక కథ పైకి చదువుతాం. తర్వాత అరగంట దాని మీద మాటలు. చివరి అరగంట ఊళ్ళోవాళ్ళు సొంతంగా రాసినవి. తర్వాత టీ. స్వాగతం రెండు వాక్యాలు, వందన సమర్పణ రెండు వాక్యాలు.

నవల పెట్టుకుని 'చదివి రండి' అంటే చదివినవాళ్ళే వస్తారు. చదవనివాళ్ళు సిగ్గుపడి ఇంట్లో ఉండిపోతారు. అందుకే కథ మంచిది. ముద్రణలో ఎనిమిది పేజీలు దాటకూడదు. పేజీకి మూడు నిమిషాల లెక్కన ఎనిమిది పేజీలు ఇరవై నాలుగు నిమిషాలు. అంతకు మించితే వెనక వరసలో ఫోన్లు బయటికొస్తాయి. పాత కథ ఒక నెల, ఇప్పటి కథ ఒక నెల పెట్టుకోండి. మీ జిల్లా యాస ఉన్న కథ ఏడాదికి రెండన్నా ఉండాలి. మా దగ్గర తమ ఊరి మాట పుస్తకంలో ఉంటుందని తెలియని పెద్దవాళ్ళు చాలామంది. అది వినగానే వాళ్ళ ముఖాలు వెలిగిపోతాయి.

ఒక మాట కాపీరైటు గురించి. మన దేశంలో రచయిత చనిపోయిన తర్వాతి సంవత్సరం నుంచి అరవై ఏళ్ళ పాటు హక్కులు వారసులవే. ఆ తర్వాత ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, పంచవచ్చు. 1915లో పోయిన గురజాడ, 1919లో పోయిన కందుకూరి ఎప్పుడో ఆ గడువు దాటారు. ఇప్పటి రచయిత కథ జిరాక్స్ తీసి పంచాలనుకుంటే ఒక్క ఫోన్ చేసి అడగండి. నేను అడిగినవాళ్ళెవరూ కాదనలేదు. సంతోషంతో తర్వాతి నెల బస్సెక్కి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు.

చదివే మనిషిని ముందే అనుకోండి. కథ రెండుసార్లు ఇంట్లో పైకి చదువుకుని రావాలి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, సంభాషణలో ఎవరి మాట ఎవరిదో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. నాటకంలా గొంతులు మార్చనక్కర్లేదు. నెమ్మదిగా, చివరి వరసకి వినపడేలా చదివితే చాలు. వినేవాళ్ళ చేతుల్లో ఇద్దరికొకటి చొప్పున జిరాక్స్ ఉంటే మంచిది. చదువు సరిగా రానివాళ్ళు కూడా వస్తారు. వాళ్ళకి కాగితం ఇచ్చి ఇబ్బంది పెట్టకండి.

కథ అవగానే 'ఎలా ఉంది?' అని అడగకండి. 'బాగుంది' అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. కథలోంచే ఒక చిన్న ప్రశ్న వేయండి. 'ఆ ముసలాయన చివరికి ఇల్లు అమ్మాడా లేదా?' 'ఆ కోడలు చేసింది సబబేనా?' ఇలా అడిగి చూడండి. రచ్చబండ మీద ఎలా మాట్లాడతారో అలా మాట్లాడతారు. మొదట ఎప్పుడూ మాట్లాడనివాళ్ళను అడగండి, లెక్చరర్లను చివర్లో అడగండి. ఒకసారి పండితులు శిల్పం, దృక్కోణం అని మొదలుపెట్టాక మిగతావాళ్ళు నోరు మెదపరు.

ఊళ్ళోవాళ్ళ సొంత రచనలు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, జాగ్రత్తగా నడపాల్సింది కూడా ఇదే. మనిషికి ఐదు నిమిషాలు, నెలకు నలుగురు. పేర్లు ముందు నెలే రాసుకోండి. ఐదు నిమిషాలు దాటితే ఎంత పెద్దవారినైనా చిరునవ్వుతో ఆపాలి. ఆ పనికి అందరూ గౌరవించే ఒక పెద్దావిణ్ణి పెట్టుకోండి.

విన్నవాళ్ళు మూడు సంగతులు చెప్పాలని మా నియమం: ఏ వాక్యం గుర్తుండిపోయింది, ఎక్కడ అర్థం కాలేదు, ఇంకా ఏం తెలుసుకోవాలనిపించింది. 'అద్భుతం', 'మహాకవి అవుతావు' అనే మాటలు రాసేవాళ్ళకి అక్కరకు రావు. అలాగే తప్పులు ఎంచి పరువు తీయడం కూడా వద్దు. ముఖ్యంగా కొత్తగా రాసే పిల్లల విషయంలో. ఒక్కసారి నలుగురిలో నవ్వులపాలైతే ఆ పిల్ల మళ్ళీ పెన్ను పట్టదు.

ఇంటర్ చదివే ఒక అమ్మాయి మొదటిసారి కవిత చదివిన రోజు నాకింకా కళ్ళ ముందుంది. లాంగ్ నోట్‌బుక్‌లోంచి చింపిన కాగితం చేతిలో వణుకుతోంది. 'మా కల్లంలో సూర్యుడు ఎండుతున్నాడు' అని మొదలుపెట్టింది. మిరపకాయల గురించి. ఎర్రటి కాయలు, ఎర్రటి ఎండ, నాన్న చెమట. అందరం చప్పట్లు కొట్టాం. మూలన గోడకి ఆనుకుని కూర్చున్న ఒక మామ్మ, ఏళ్ళ తరబడి మిరప కోతలకి వెళ్ళిన మనిషి, నెమ్మదిగా అడిగింది: "ఏమ్మా, కల్లంలో కాయ తిప్పేటప్పుడు తుమ్ములాగవు గదా. తాలుకాయలు ఏరితే అరచేతులు రెండ్రోజులు మండుతయ్. అన్నం కలుపుకోలేం. అది రాయలేదేం తల్లీ?" అమ్మాయి ఏమీ అనకుండా తలూపి కూర్చుంది. తర్వాతి నెల అదే కవిత తిరగరాసి తెచ్చింది. సూర్యుడు పోయాడు. అమ్మ చేతులు మండుతుంటే ఆ రాత్రి నాన్న తనకు వంకరటింకరగా జడ వేసిన సంగతి వచ్చింది. చదవడం అయ్యాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ మామ్మకి చదువు రాదు. అలాంటివాళ్ళు మీ సభలో ఉండాలి. వాళ్ళు రావాలంటే వాట్సాప్ మెసేజ్ సరిపోదు. ఇంటికెళ్ళి బొట్టు పెట్టి పిలిచినట్టు పిలవాలి. మిగతావాళ్ళకి వారం ముందు ఒక మెసేజ్, ముందురోజు ఒక ఫోన్. ఫోనే ముఖ్యం. మెసేజ్ చూసి దండం బొమ్మ పెట్టినవాళ్ళు వస్తారని లెక్క వేసుకోకండి.

పుస్తకావిష్కరణ చేయాల్సి వస్తే

ఏడాది తిరిగేసరికి మీలో ఎవరో ఒకరు పుస్తకం వేస్తానంటారు. మొదటి పుస్తకానికి వెయ్యి కాపీలు వేయించకండి. వెయ్యి వేస్తే కాపీ ధర తగ్గుతుందని ప్రెస్సువాళ్ళు చెప్పేది నిజమే, కానీ అటక మీద ఎనిమిది వందలు చెదలు పట్టడం కూడా నిజమే. ఇప్పుడు డిజిటల్ ముద్రణలో రెండొందలు, మూడొందలు కూడా వేస్తున్నారు, అయిపోతే మళ్ళీ వేసుకోవచ్చు. పుస్తకం గుర్తింపు కోసం వేసే ఐఎస్‌బీఎన్ నంబరు ప్రభుత్వ సంస్థ నుంచి ఉచితంగా వస్తుంది. దానికి డబ్బులడిగితే ఇవ్వకండి. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబయి, ఢిల్లీల్లోని మరో రెండు గ్రంథాలయాలకు తలా ఒక కాపీ పంపాలని 1954 నాటి చట్టం. కథల పుస్తకమైతే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావుగారు 1997లో పెట్టిన కథానిలయానికి తప్పకుండా ఒకటి పంపండి. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా భద్రం చేయాలని పెట్టింది అది.

ప్రూఫులు రచయిత ఒక్కరే దిద్దకూడదు. తను రాసింది తనకి కంఠతా వచ్చి ఉంటుంది, తప్పు కంటికి కనపడదు. ఇద్దరు వేరేవాళ్ళు చూడాలి. ఫ్లెక్సీ, ఆహ్వాన పత్రిక విషయంలో ఇంకా జాగ్రత్త. మనం ఫోన్‌లో టైప్ చేసి పంపేది యూనికోడ్. చాలా డీటీపీ సెంటర్లలో వాడేది 'అను' అనే వేరే రకం ఫాంట్లు. మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, లేదా ఆపరేటర్ చూసి మళ్ళీ కొడతాడు. ఒకసారి మేం తెచ్చుకున్న ఎనిమిదడుగుల ఫ్లెక్సీ మీద కవయిత్రి ఇంటిపేరు తప్పు పడింది. సభ గంటలో ఉందనగా విప్పి చూశాం. ఆవిడ ఏమీ అనలేదు గానీ, ఫొటోలన్నిటిలోనూ ఆ తప్పు పేరు కింద నిలబడే ఉన్నారు. అప్పటినుంచి ఫైనల్ ప్రూఫ్ బొమ్మగా తెప్పించుకుని, ప్రతి పేరూ అక్షరం అక్షరం వేలు పెట్టి చదివాకే ప్రింట్ చెప్తున్నాం.

ఆవిష్కరణ రోజు వేదిక మీద నలుగురు చాలు: రచయిత, ఆవిష్కర్త, పుస్తకం మీద మాట్లాడే ఇద్దరు. ఆ ఇద్దరికీ పుస్తకం నెల ముందు అందాలి. అచ్చు కాకపోతే ప్రూఫు కాగితాలైనా ఇవ్వండి. వారం ముందు ఫోన్ చేసి 'ఏ కవిత గురించి మాట్లాడతారు సార్?' అని అడగండి. చదవకపోతే అక్కడే తెలిసిపోతుంది, చదవడానికి ఇంకా వారం ఉంటుంది. విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి అని కార్డు మీద ఇరవై పేర్లు వేయకండి. పేరు వేయకపోతే రారేమోనని భయం వేస్తుంది. అలా అలిగేవాళ్ళు పేరు వేసినా తమ వంతు కాగానే లేచి వెళ్ళిపోతారు.

రచయితకి ఇరవై నిమిషాలివ్వండి, చివర్లో కాదు, ఆవిష్కరణ కాగానే. అందులో పది నిమిషాలు చదవాలి. మేం శాలువాలు మానేశాం. వచ్చిన పెద్దవాళ్ళకి తలా ఒక పుస్తకం ఇస్తాం, అదీ ఆ రోజు ఆవిష్కరించిన పుస్తకమే, మా డబ్బుతో కొని. అలా పది కాపీలు అమ్ముడైనట్టు కూడా.

పుస్తకాల బల్ల గుమ్మం దగ్గర ఉండాలి, వేదిక పక్కన కాదు. బయటికెళ్ళే ప్రతివాళ్ళ కళ్ళూ దాని మీద పడాలి. ధర పెద్ద అంకెల్లో రాసి పెట్టండి. చిల్లర, ఫోన్‌పే క్యూఆర్ కోడ్ రెండూ సిద్ధంగా ఉంచండి. రచయిత బంధువులకి కాంప్లిమెంటరీ కాపీలు పంచుతుంటే ఆపండి. చుట్టాలూ స్నేహితులూ కొనకపోతే ఇంకెవరు కొంటారు?

విలేకరికి ప్రెస్‌నోట్ అదే సాయంత్రం పంపాలి. ఒక పేజీ లోపు, పుస్తకంలో ఏముందో రెండు వాక్యాలతో, వినేవాళ్ళు కూడా కనిపించే ఒక ఫొటోతో.

హరికథ, బుర్రకథ, తోలుబొమ్మలాట

ఏడాదికి ఒక్క సాయంత్రమన్నా మన కళలకు పెట్టండి. అచ్చు పుస్తకం రాకముందు మన సాహిత్యం నడిచింది వీళ్ళ గొంతుల్లోనే. అయితే కళాకారులను 'మధ్యలో పది నిమిషాలు వినోదం' కింద పిలవడం నాకు గిట్టదు. వాళ్ళని పిలిస్తే సాయంత్రమంతా వాళ్ళదే.

ముందు మీ చుట్టుపక్కల ఎవరున్నారో వెతకండి. చిందు యక్షగానం, ఒగ్గుకథ, పద్య నాటకం, జముకుల కథ, ఏ ప్రాంతానిది ఆ ప్రాంతంలో ఉంటుంది. పాతికేళ్ళ కిందట సత్య హరిశ్చంద్రుడి వేషం కట్టిన మనిషి మీ పక్క ఊళ్ళోనే టైలర్ షాపు నడుపుతూ ఉండొచ్చు. దూరం నుంచి పిలవాలంటే, హరికథకి కపిలేశ్వరపురంలో నేర్పే పాఠశాలే ఉంది, అక్కడ నేర్చుకున్న ఆడపిల్లలు ఎన్నో ఊళ్ళల్లో కథలు చెబుతున్నారు. తోలుబొమ్మలకి ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉండనే ఉంది.

ఎవరికేం కావాలో వాళ్ళనే ముందుగా అడగండి. బుర్రకథకి ముగ్గురు నిలబడతారు. మధ్యలో తంబురా పట్టుకుని కథ చెప్పే మనిషి, అటూ ఇటూ డక్కీలనే చిన్న వాద్యాలతో వంత పాడేవాళ్ళు, ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు రాజకీయం. కథకుడు అడుగులు వేస్తూ ముందుకీ వెనక్కీ కదులుతాడు, కాబట్టి చోటు కావాలి, ముగ్గురికీ మూడు మైకులు కావాలి. ఒక్క మైకు పెట్టి ముగ్గురినీ దాని చుట్టూ నిలబెడితే 'తందాన తాన' కూడా సగమే వినిపిస్తుంది. హరికథకి మృదంగం, వయొలిన్ వాళ్ళ కుర్చీలు, మైకులు వేరు. తోలుబొమ్మలకి తెర వెనక దీపం తప్ప ఎక్కడా వెలుతురు ఉండకూడదు, వీధి లైటు ముందుగా చూసుకోండి. అష్టావధానం పెడితే అవధానిని ప్రశ్నలు అడిగే ఎనిమిది మంది పృచ్ఛకులు కావాలి. మధ్యలో సంబంధం లేని మాటలతో అవధానిని దారి మళ్ళించే అప్రస్తుత ప్రసంగానికి మాత్రం చమత్కారంతో పాటు మర్యాద తెలిసిన మనిషిని ఎంచుకోండి. మధ్యమధ్య ఘంటలు కొట్టి అవధాని చేత లెక్క పెట్టించే పని హైస్కూలు పిల్లకి ఇస్తే ఆ పిల్ల ఇంటిల్లిపాదీ వస్తారు.

ఆరుబయట మైకు పెడితే పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు నిషేధం కాబట్టి, పాతకాలంలోలా భోజనాలయ్యాక తీరిగ్గా మొదలుపెడితే కథ సగంలో ఆగుతుంది. 6:30కి మొదలుపెట్టండి.

పారితోషికం ముందే మాట్లాడుకోండి, బేరం ఆడకండి. దారి ఖర్చు, భోజనం, రాత్రి పడుకునే చోటు వేరుగా చూడండి. డబ్బు కవర్లో పెట్టి, కథ అయిన వెంటనే తాంబూలంతో ఇవ్వండి. అర్ధరాత్రి దాకా టెంట్‌హౌస్ లెక్కలు చూస్తూ కళాకారుణ్ణి అరుగు మీద కూర్చోబెట్టిన సభలు చూశాను. అలాంటిచోట నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వీడియో తీయాలంటే వాళ్ళని అడిగి తీయండి, ఒక కాపీ వాళ్ళ పిల్లల ఫోన్‌కి పంపండి.

పిల్లలు

బడితో కలిసి పని చేయడానికి గ్రంథాలయ వారోత్సవాలు మంచి సమయం. వ్యాసరచన పోటీ పెట్టి ముగ్గురికి కప్పులివ్వడం అందరూ చేసేదే. మేం ఇంకోలా చేస్తాం. 'మీ తాతనో నాయనమ్మనో ఒక కథ అడిగి, వాళ్ళు చెప్పినట్టే రాసుకు రండి' అంటాం. ఇంగ్లీష్ మీడియం పిల్లలకి తెలుగులో రాయడం కష్టమైతే చెప్పమంటాం, మేం రాసుకుంటాం. రాసిన ప్రతి పిల్లకీ ఒక చిన్న పుస్తకం ఇస్తాం, లోపలి పేజీలో తన పేరు రాసి. తాతలూ నాయనమ్మలూ ఆ రోజు ముందు వరసలో కూర్చుంటారు.

డబ్బు

నెల సభకి పెద్ద ఖర్చు లేదు. ముప్పై టీలు, బిస్కట్లు, ఎనిమిది పేజీల కథ పదిహేను కాపీల జిరాక్స్. నలుగురు తలా రెండొందలేసుకుంటే వెళ్ళిపోతుంది. గుమ్మం దగ్గర ఒక డబ్బా పెట్టండి, వేయాలనుకున్నవాళ్ళు వేస్తారు. పెద్ద కార్యక్రమానికి చందా అడిగేటప్పుడు డబ్బు కాకుండా వస్తువు అడగండి. కిరాణా కొట్టాయన టీ పొడి, పంచదార ఇస్తాడు. టెంట్‌హౌస్ ఆయన జంపఖానాలు ఇస్తాడు. ఎవరేమిచ్చారో, దేనికెంత అయిందో ఒక పుస్తకంలో రాసి తర్వాతి సభలో రెండు నిమిషాలు పైకి చదవండి. సంఘాలు చీలేది ఎక్కువగా ఇక్కడే.

బ్యాంకు ఖాతా, గ్రాంట్లు అవసరమయ్యే రోజు వస్తే అప్పుడు రిజిస్టర్ చేయించుకోండి. 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఆ ఏడుగురినీ రెండేళ్ళు సభకి వచ్చినవాళ్ళ నుంచే ఎంచుకోండి.

ఎవరూ రాని రోజు

అలాంటి రోజు వస్తుంది. మాకు మూడో ఏడు నవంబర్‌లో వచ్చింది. తుఫాను వాన. కరెంటు లేదు. లైబ్రేరియన్, నేను, ఎరువుల కొట్టాయన, మూడు కిలోమీటర్లు సైకిల్ తొక్కుకుని తడిసి ముద్దయి వచ్చిన ఒక డిగ్రీ కుర్రాడు. వాయిదా వేద్దామా అనుకున్నాం. ఆ కుర్రాడు చొక్కా పిండుకుంటూ "కథ చదవరా సార్?" అన్నాడు. ఫోన్ లైటు వెలుగులో చదివాం. మాటలు మామూలు కన్నా ఎక్కువసేపే సాగాయి.

మా దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. తేదీ, చదివిన కథ, ఎంతమంది వచ్చారు, ఎవరేమన్నారు అన్నీ అందులో రాస్తాం. మీరూ మొదటి రోజు నుంచే రాసుకోండి. ఆ రోజు పేజీలో లైబ్రేరియన్ చేతిరాతలో ఇలా ఉంది: హాజరు నలుగురు. వాన. కథ పూర్తిగా చదివాం. వచ్చే సభ రెండో ఆదివారం, 5 గంటలకు.